వెనక ఎవలు కూసుంటరు?

మొన్న పొద్దున జనగామలో మా దుకాణం షట్టరు ఎత్తి, ఇంకా అగరుబత్తి కూడా వెలిగించకముందే, వీధి మొదట్లో ఒక కారు స్పీడు బ్రేకరు ఎక్కి దిగింది. దిగుతూ కిర్రుమంది. ఇనుము చప్పుడు కాదది, తలుపు చప్పుడూ కాదు. వెనక చక్రాల కింద ఉండే గట్టిరకం బుష్ ఒకటి గ్రీజు లేక ఎండిపోయి, కడ్డీ కన్నంలో తిరగలేక తిరుగుతూ చేసే మూలుగు. వినేవాళ్లకు చిరాకు పుట్టించే చప్పుడు. నా చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది. మానుకోటలో అనసూయమ్మ దుకాణం ముందు సరిగ్గా ఇదే చప్పుడుతో ఒక పెద్ద బండి వచ్చి ఆగిన మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. ఆమె పోయి ఇన్నాళ్లయినా ఆ చప్పుడు వింటే నాకు ముందు ఆమే కనిపిస్తుంది, తర్వాతే కారు.

మానుకోట అంటే బోర్డుల మీద మహబూబాబాద్. అక్కడ అనసూయమ్మ అత్తింటివాళ్లది తాతల నాటి వ్యాపారం. ఒక పక్క మరిది హోల్‌సేల్ కిరాణా, దాని పక్కనే ఆమెది కార్ల విడిభాగాల దుకాణం. దుకాణం పెట్టింది భర్త. ఆయన పోయాక ఆమె దాన్ని ఎత్తేసి ఇంట్లో కూర్చుంటుందనే అందరూ అనుకున్నారట. కర్మ ముగిసిన మర్నాడే తాళంచెవులు బొడ్లో దోపుకుని వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంది. అప్పటికి ఆమెకు షాకబ్జార్బరుకూ సైలెన్సరుకూ తేడా తెలియదని మరిది నవ్వుతూ చెప్పేవాడు. నేను చేరే నాటికి మాత్రం వచ్చినవాళ్లు పాత సామాను బల్లమీద పెట్టగానే, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూసి, ఏ బండిదో చెప్పేసేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. నవ్వించడమూ తిట్టడమూ ఒకే గొంతుతో చేసేది కాబట్టి ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

మాది కురవి దగ్గర తండా. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా లంబాడీ భాష. బడిలో తెలుగు చదువుకున్నా, అంగట్లో నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు సిగ్గు. నేనేదో ఒక మాట అనడం, ఎవరో ఒకరు దాన్ని నా యాసలోనే తిప్పి అని నవ్వడం చాలాసార్లు జరిగింది. యాడి, అంటే మా అమ్మ, మిర్చి ఏరడానికి కూలికి పోతూ నన్ను ఇంటర్ దాకా చదివించి, ఎవరో చెప్తే అనసూయమ్మ దగ్గర పనికి కుదిర్చింది. చేరిన కొత్తలో ఎవరైనా బేరానికి వస్తే నేను సామాను తీసి బల్లమీద పెట్టి ఊరుకునేదాన్ని. కొన్నాళ్లు చూసింది. ఒకరోజు బేరగాడి ముందే అడిగేసింది.

"ఏంది బిడ్డా, నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా? తప్పయితే తప్పాయె, మాట్లాడు. నవ్వెటోడు నవ్వుతడు, కొనెటోడు కొంటడు."

ఆ బేరగాడూ నవ్వాడు, నేనూ ఏడవలేక నవ్వాను. ఆమె అంతటితో ఊరుకునే రకం కాదు. ఆ రోజు నుంచీ ఫోన్లన్నీ నాకే ఇచ్చేది.

మా దుకాణంలో ఎక్కువగా కదిలే సరుకు వెనక చక్రాల కింది సామాను. చదివేవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. కొన్ని పెద్ద బండ్లలో వెనక ఇరుసును బండి ఒంటికి కట్టి ఉంచేవి కొన్ని ఇనుప కడ్డీలు. వాటిని లింకులు అంటాం. ప్రతి కడ్డీ చివరా ఒక కన్నం ఉంటుంది, ఆ కన్నంలో ఒక రబ్బరు గుండు ఉంటుంది. అదే బుష్. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ మన నడుము దాకా రాకుండా ముందు తాను నలిగేది అదే. కంపెనీ వేసే రబ్బరు మెత్తన. ఏళ్లు గడిచేకొద్దీ పగులుతుంది, బండి వెనకభాగం పడవలా ఊగుతుంది. దాని బదులు బయట దొరికే గట్టిరకం బుష్షులూ లావు లింకులూ వేయిస్తే ఊగడం ఆగిపోతుంది, మలుపులో బండి ఒరగకుండా నిలబడుతుంది. కుర్రాళ్లకు అవంటే మోజు. ఫోన్లో ఎవడో వేయించుకున్నది చూసి, పొద్దున్నే పరుగెత్తుకొస్తారు.

వీటిని బిగించడంలో ఒక పట్టింపు ఉంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా రబ్బరు బుష్ బోల్టు బిగించేస్తే, బండి కిందికి దిగి బరువు పడగానే రబ్బరు మెలి తిరుగుతుంది. ఇక నిలబడి ఉన్నా మెలితోనే ఉంటుంది, త్వరగా చిరిగిపోతుంది. అందుకని చివరి బిగింపు ఎప్పుడూ బండి నేల మీద నిలబడ్డాక, బరువు మోస్తుండగానే చేయాలి. మా దుకాణం ముందు పని చేసే మెకానిక్కు యాకూబ్ భాయి దానికోసం పక్క కొట్లోంచి బియ్యం బస్తాలు మోసుకొచ్చి వెనక సీటు మీద పడేసేవాడు. బియ్యానికి గ్రీజు వాసన పడుతుందని మరిది రోజూ గొణిగేవాడు, రోజూ ఇచ్చేవాడు.

ఇక బోణీ సంగతి. ఆ వీధిలో పొద్దున మొదట గుమ్మం ఎక్కినవాణ్ని ఉత్త చేతులతో పంపడమంటే లక్ష్మిని పంపేసినట్టే. అడిగింది లేకపోతే ఇంకేదైనా అంటగట్టాలి, లాభం లేకపోయినా ఇచ్చేయాలి, వాడితో ఎక్కువ ప్రశ్నలు వేసి మనసు మార్చకూడదు. అనసూయమ్మ మిగతా విషయాల్లో ఎంత గట్టిదైనా ఈ విషయంలో మరిది కంటే రెండాకులు ఎక్కువే చదివింది. బోణీ కాకముందు ఎవరైనా దుకాణంలో తుమ్మినా ఊరుకునేది కాదు.

ఒక శుక్రవారం ఆ బోణీకి వచ్చినవాడు సమ్మయ్య. భూపాలపల్లి దిక్కు ఘనపూర్ మనిషి. కురవి వీరభద్రస్వామికి మొక్కు చెల్లించి, తిరిగిపోతూ మా బోర్డు చూసి ఆగాడు. నుదుటన పసుపు బండారి ఇంకా తడిగానే ఉంది. పాత ఏడు సీట్ల బండి, వెనక బాగా ఊగుతోందన్నాడు. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టివి ఇమ్మన్నాడు. అనసూయమ్మ ఒక్క మాటైనా అడగలేదు. అన్నిటికన్నా గట్టివే తీయించింది, యాకూబ్ భాయి అరపూటలో బిగించాడు. సమ్మయ్య వీధి చివరి దాకా నడిపి చూసుకుని, బండి రాయిలా నిలబడిందని మురిసిపోయాడు. బోణీ బాగుందని ఆమె కూడా మురిసిపోయింది.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, నేను మొదట చెప్పిన ఆ కిర్రుమనే చప్పుడు వినిపించింది. సమ్మయ్యే. గ్రీజు కావాలన్నాడు. డబ్బా తీసిచ్చాను. తీసుకున్నవాడు పోకుండా బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. చప్పుడేనా, ఇంకేమన్నా ఉందా అని అనసూయమ్మ అడిగింది.

"చప్పుడుకు నేను ఓర్సుకుంటనమ్మా. గని మా ఆమె బండి ఎక్కనంటాంది."

అప్పుడు మొత్తం చెప్పాడు. భార్య స్వరూపకు కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు హనుమకొండకు తీసుకుపోయి రక్తం శుభ్రం చేయించాలి. ఘనపూర్ నుంచి పోయే దారిని బొగ్గు లారీలూ ఇసుక లారీలూ తొక్కి తొక్కి గుంతలు చేశాయి. ఇదివరకు బండి ఊగి ఊగి ఆమెకు వాంతులయ్యేవి. అందుకే గట్టివి వేయించాడు. ఊగడం ఆగింది. కానీ ఇప్పుడు ప్రతి గుంతా నేరుగా ఆమె వెన్నులోకి దిగుతోంది. తిరిగొచ్చేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండదు, పడుకుంటుంది, పడుకుంటే ఇంకా ఎక్కువ. బస్సెక్కి నిలబడే శక్తి లేదు. పోయినసారి వెళ్లలేదు, ఈసారీ రానంటోంది. ముఖం ఉబ్బింది. ఇట్లా మానేస్తే మనిషి దక్కదని డాక్టరు ఫోన్లో చెప్పేశాడు.

అనసూయమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్లీ పెట్టుకుంది.

"గా పొద్దు నువ్వు గిదంత చెప్పలేదు గద నాయినా."

"మీరు అడగలేదు గదమ్మా" అన్నాడు సమ్మయ్య.

నిందగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. ఆమె లేచి షట్టరు దించమంది. పట్టపగలు, వారం మధ్యలో, పండగ కాదు పబ్బం కాదు. నేను ఆమె ముఖం చూసి అడగకుండానే దించాను. యాకూబ్ భాయి రబ్బరు బుష్షులు ముందే ఎక్కించి ఉన్న లింకులు కొన్ని సమ్మయ్య బండి డిక్కీలో వేసుకున్నాడు. నర్సంపేట, ములుగు మీదుగా ఘనపూర్‌కు బయలుదేరాం. ములుగు దాటాక ఆమె బండి ఆపించింది. నన్ను చివరి సీటులోకి పంపి, తాను మధ్య సీటులో స్వరూప పడుకునేట్టే పడుకుంది. వద్దమ్మా, మీ వయసుకు అని సమ్మయ్య అంటున్నా వినలేదు. నెమ్మదిగా పోవద్దని, రోజూ పోయినట్టే పొమ్మని చెప్పింది.

చివరి సీటులోంచి నాకు ఆమె తల వెనకభాగమే కనిపించేది. గుంత వచ్చినప్పుడల్లా ఆ తల ఎగిరి పడేది. మొదట్లో అబ్బా అనేది, తర్వాత అదీ మానేసింది. నాకు ఏడుపొచ్చింది. ఘనపూర్‌లో ఇంటి ముందు దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"గిదేనా బిడ్డా నేను అమ్మింది?" అంది నాతో.

స్వరూప వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నా కంటే ఓ పదేళ్లు పెద్దదేమో. ముఖం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. మేమెందుకు వచ్చామో సమ్మయ్య చెప్తుంటే తల అడ్డంగా ఊపింది.

"ఏం మార్చినా నేను ఎక్క. గుంత గుంతకు సచ్చుడు కన్న ఇంట్ల ఒక్కసారి సచ్చుడు నయం."

అనసూయమ్మ ధైర్యం చెప్పలేదు. అలా అనకు అని కూడా అనలేదు. వెళ్లి అదే మంచం మీద పక్కన కూర్చుని, తనకు ఎక్కడెక్కడ తాకిందో చెప్పింది. నడుము కింద ఇక్కడ, మెడ దగ్గర ఇక్కడ. స్వరూప వింటూ వింటూ, తన పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, ఇక్కడ కూడా అంది. ఇద్దరూ కలిసి నొప్పుల లెక్క తేల్చుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు ఎటు ఆనుకుంటావు, వచ్చేటప్పుడు తల ఎటు పెడతావు, ఎక్కడెక్కడ భయమేస్తుంది, అన్నీ అడిగింది. ఆ శుక్రవారం అడగవలసినవన్నీ ఆ వాకిట్లో అడిగింది.

యాకూబ్ భాయి బండి కిందికి దూరాడు. ఇరుసును పట్టుకునే లింకులు తీసేసి రబ్బరువి ఎక్కించాడు. మలుపులో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ ఇంకొకటి ఉంటుంది, దానికి మాత్రం గట్టి బుష్షులే ఉంచేశాడు. అలా అయితే పాత వాంతులు మళ్లీ రావు, గుంత దెబ్బా మునుపటంత ఉండదన్నాడు. చక్రాలు నేలకు దిగాయి. చివరి బిగింపు మిగిలింది. బరువుకు బస్తాలేమైనా ఉన్నాయా అని అడిగితే, సమ్మయ్య ఇంట్లోంచి వడ్ల బస్తా లాగబోయాడు.

"బస్తాకు నొప్పి తెలుస్తదా భాయి?" అంది అనసూయమ్మ. "గామెనే కూసోబెట్టు."

స్వరూప కదల్లేదు. బండి ఇప్పుడు ఎక్కడికీ పోదని, ఊరికే కూర్చుంటే చాలని, తన బరువు మీదే బిగిస్తారని అనసూయమ్మ చెప్పింది. చాలాసేపటికి స్వరూప లేచి, ఇంట్లోకి పోయి తన మెత్త, అదే తలగడ, తెచ్చుకుంది. ఎక్కి, రోజూ ఆనుకునే తలుపుకే ఆనుకుంది. కింద పానా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంటే ఆమె ఆ చప్పుడు వచ్చిన వైపుకల్లా తల తిప్పింది. ఏమైనా అవుతోందా అని యాకూబ్ భాయి కిందినుంచి అడిగాడు. ఏమీ లేదంది. అనసూయమ్మ తెరిచిన తలుపు పట్టుకుని చివరి బోల్టు దాకా అక్కడే నిలబడింది.

తర్వాత చేతులు కడుక్కుంటూ యాకూబ్ భాయి నవ్వాడు. ఆ పిల్ల బరువెంత అమ్మా, బస్తాలో సగం కూడా ఉండదు, దాంతో బుష్‌కు పెద్ద తేడా ఏమొస్తది అన్నాడు.

"బుష్షు కోసమా నేను కూసోబెట్టింది?" అంది ఆమె.

ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాం. మర్నాడు పొద్దున స్వరూప బండి ఎక్కింది. అనసూయమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఊరు దాటగానే మొదటి పెద్ద గుంత వచ్చింది. సమ్మయ్య మెడ బిగుసుకోవడం నాకు వెనకనుంచి కనిపించింది. బండి దిగి లేచింది. కాసేపటికి స్వరూపే అంది.

"తాకింది. గని గంత గాదు."

ఆమె అబద్ధం ఆడలేదు కాబట్టి మాకు నమ్మకం కుదిరింది. హనుమకొండ దవాఖాన దగ్గర దిగి, ఆమె లోపలికి పోయేదాకా చూసి, మేం ముగ్గురం బస్సెక్కి మానుకోటకు వచ్చాం. బస్సులో అనసూయమ్మ నడుము పట్టుకుని దారిపొడుగునా డ్రైవరును తిట్టింది.

ఆ తర్వాత దుకాణంలో పద్ధతి మారింది. గుమ్మం ఎక్కినవాళ్లు ఏ బండి అన్నది తర్వాత, ముందు ఒక ప్రశ్న: వెనక ఎవలు కూసుంటరు? అడగడం నా పని. అంతవరకూ నోరు పెగలని నాకు ఆమె నేర్పిన మొదటి మాట అదే అనుకోవచ్చు. ఒకటికి రెండుసార్లు అడగాలి, జవాబు వచ్చేదాకా సామాను మీద చెయ్యి వేయకూడదు. నా యాసకు నవ్వుదామని నోరు తెరిచినవాళ్లు కూడా ఆ ప్రశ్నకు ఆగి ఆలోచించేవాళ్లు. మా అమ్మ అనేవాళ్లు, కడుపుతో ఉన్న అక్క అనేవాళ్లు, కుక్క అన్నవాడూ ఉన్నాడు. కుక్కనైనా తెచ్చి ఎక్కించమనేది అనసూయమ్మ. చివరి బిగింపుకు బస్తాలు బంద్. వెనక కూర్చునే మనిషే వచ్చి కూర్చోవాలి. కుదరదన్నవాళ్లు సణుక్కుంటూ పోయి పిలుచుకొచ్చేవాళ్లు. వచ్చిన ముసలమ్మలకు ఆమె చాయ్ తెప్పించేది. పని అయిపోయినా కొందరు దిగేవాళ్లు కాదు.

ఒకసారి బోణీకి వచ్చిన కుర్రాణ్ని కూడా, నీకు ఇవి వద్దు నాయినా, ఉన్నవే మంచిగున్నయి అని పంపేసింది. మరిది తన కొట్లోంచి చూసి తట్టుకోలేకపోయాడు. వదినా, పొద్దుగాల్నే లక్ష్మిని గుమ్మంల నుంచి ఎల్లగొడ్తున్నవు అన్నాడు.

"లక్ష్మికి నడుం విరిగినంక మల్ల మన గుమ్మం ఎక్కుతదా మరిదీ?"

ఆ రోజు మధ్యాహ్నం దాకా నిజంగానే బోణీ కాలేదు. ఆమె మాత్రం గల్లాపెట్టె ముందు కూర్చుని పల్లీలు తింటూ నన్ను ఏడిపిస్తూనే ఉంది. ఆమెకు భయం లేదని కాదు. తలుపు వైపు చూసినప్పుడల్లా పల్లీలు ఒలిచే ఆమె చేతులు ఆగేవి. భయపడుతూనే పంపేసింది. నాకు ఆమె మీద గౌరవం పుట్టింది ఆ రోజే.

నేను పెళ్లయి జనగామ వచ్చి సొంతంగా దుకాణం పెట్టుకున్నాక, ఒక వానాకాలం ఆమె మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. హనుమకొండ తీసుకుపోవాలి. కబురు తెలిసి నేను మానుకోట చేరేసరికి ఇంటి ముందు ఆ పాత ఏడు సీట్ల బండి నిలబడి ఉంది. సమ్మయ్యకు ఎవరు చెప్పారో తెలియదు. ముందు సీటులో స్వరూప ఉంది. ఆ రోజు ఆమె రక్తం శుభ్రం చేయించుకునే రోజు, దారి మళ్లించుకుని వచ్చారు. అనసూయమ్మను మోసుకొచ్చి మధ్య సీటులో పడుకోబెడుతుంటే స్వరూప తన మెత్త తీసి ఆమె నడుము కింద పెట్టింది.

"గిది నా జాగ అమ్మా. ఇయ్యాల నీది" అంది.

అనసూయమ్మ తల నా ఒళ్లో ఉంది. గుంతలు వచ్చినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కానీ అరవలేదు. సగం దారిలో కళ్లు తెరిచి, యాకూబ్ మంచిగనే బిగించిండు అంది. అంత నొప్పిలోనూ ముఖంలో అదే కొంటెతనం. నేను నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఆమె ఆ చలికాలం దాటలేదు. స్వరూప ఇప్పటికీ హనుమకొండ పోయి వస్తూనే ఉంది. దసరాకు ఫోన్ చేస్తుంది.

మొన్న కిర్రుమంటూ వచ్చి మా దుకాణం ముందే ఆగిన కారు బచ్చన్నపేట కుర్రాడిది. కొత్తగా పత్తి వ్యాపారంలోకి దిగాడు. ఎక్కడో గట్టి బుష్షులు వేయించుకున్నాడు, చప్పుడుకు పరేషాన్ అవుతున్నాడు. అలవాటుగా అడిగాను. ఎవ్వలు కూసోరక్కా, నేనొక్కణ్నే తిరుగుత అన్నాడు. గట్టివి అతనికి ఇష్టం, మోసేదీ అతని నడుమే, కాదనడానికి నేనెవరిని? గ్రీజు పట్టించాం. ఒక లింకు చివర పాత రబ్బరే మిగిలి చిరిగి ఉంటే, అదొక్కటి మార్చాం. బండి నేలకు దిగింది. కింద పానా పట్టుకుని మా మెకానిక్కు నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఏం చేస్తానో అతనికి తెలుసు. నేను వెనక తలుపు తీసి ఎక్కి, పక్కకు ఆనుకుని కూర్చున్నాను.

"మీరెందుకక్కా? వెనక ఎవ్వలు కూసోరన్న గద" అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

"ఇయ్యాల కూసోరు తమ్మీ. రేపు ఎవలో ఒకలను పండబెట్టి తీస్కపోయే పనిపడ్తది."

నేను బిగించమని చెప్పి కళ్లు మూసుకున్నాను. కింద బోల్టు బిగుసుకుంటున్న అదురు సీటులోంచి నా నడుముకు తెలిసింది. రేపు ఈ సీటులో పడుకునేది ఎవరో నాకు తెలియదు. వాళ్ల బరువుగా కాసేపు కదలకుండా కూర్చున్నాను.